దానిమ్మ చెట్టుతో సవతి పోరు

“వద్దు పిన్నీ! నా జడ నేనే వేసుకుంటాను!”

దువ్వెన అలాగే ఉండిపోయింది ఆమె చేతిలో. రెండో పెళ్ళాంగా ఈ ఇంటికి వచ్చిన రెండేళ్ళుగా ఆ తొమ్మిదేళ్ళ పిల్లకి జడ వేసేది తనే. ఎప్పుడూ కిచకిచలాడుతూ తిరుగుతుందని వాళ్ళ నాన్న ‘పిచ్చుక’ అని పిలుస్తాడు. అలాంటి పిల్ల పది రోజులుగా పిన్ని వడ్డిస్తే తినదు, పిన్ని పక్కన పడుకోదు, పిన్ని ముఖం వైపే చూడదు! పెరట్లో దానిమ్మ చెట్టు దగ్గర మాత్రం గంటలకొద్దీ గుసగుసలు...

చెట్టుతో సవతి పోరేమిటని నవ్వకండి! పడేవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. ఆ చెట్టు నాటింది పిచ్చుకని కన్నతల్లి. ఆవిడ పోయాక పిల్లకి అమ్మంటే ఆ చెట్టే. బడిలో మార్కులొస్తే ముందు చెట్టుకి చూపించాలి, మోకాలు చెక్కుకుపోతే చెట్టు దగ్గరే ఏడవాలి! మొన్నామధ్య జ్వరమొస్తే మూడు రోజులు కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నదెవరు? ఈమె! తీరా జ్వరం తగ్గగానే పిల్ల తూలుకుంటూ వెళ్ళి చెట్టుని కావలించుకుని, “అమ్మా, నాకు తగ్గిపోయింది” అంది. ఆ మాట ఈమె చెవిన పడింది. తను ఎంత చేసినా పిన్నే! ఆ మాను మాత్రం అమ్మ!

ఆ ఇంట్లో లాండ్రీ పని. ముందు గదిలో ఆయన ఇస్త్రీ బల్ల, వెనక వరండాలో పెద్ద గంగాళం. ఆసుపత్రి దుప్పట్లు బట్టల సోడా వేసి ఉడకబెట్టడం ఆమె వంతు. “ఈ నీళ్ళు తూములోనే పొయ్యి. మట్టిలో పడితే గడ్డి కూడా మొలవదు” అని ఆయన మొదటి రోజే చెప్పాడు. ఆ జ్వరం తగ్గిన మర్నాడు మధ్యాహ్నం, బకెట్టు నిండా సోడా నీళ్ళు ముంచుకుని, తూము వైపు నాలుగడుగులు వేసి... ఆగి... దానిమ్మ మొదట్లో కుమ్మరించింది! “ఇప్పుడు చెప్పవే, ఎవరు అమ్మో!” అంది పళ్ళు కొరుకుతూ. ఆ ఒక్కరోజుతో ఆగిందా? వారం పాటు పోసింది మహాతల్లి!

ఆకులు పండుబారి రాలిపోయాయి. పూత మాడిపోయింది. “ఏం తెగులో ఏమిటో...” అని ఆయన తల గోక్కుంటే, “ఏమో మరి” అంది ఏమీ ఎరగనట్టు. చెట్టు పోతే పిల్ల తన ఒళ్ళోకే వస్తుందనుకుంది. తీరా చూస్తే పిల్ల ఇంకా దూరమైంది!

జడ వద్దన్న ఆ రోజు మాత్రం ఆమెకి ఓపిక చచ్చిపోయింది. తనే అల్లుకున్న సగం జడతో పెరట్లోకి పరుగెత్తిన పిల్ల వెనకే వెళ్ళి, చెయ్యి పట్టుకుని లాగింది. “ఆ ఎండుకట్టెలో ఏముందే నీకు? నేను నీకు ఏం తక్కువ చేశాను?”

“ముట్టుకోకు పిన్నీ! అమ్మ చూస్తోంది!” పిచ్చుక భోరుమంది. “అమ్మకి కోపమొచ్చింది... జ్వరం తగ్గాక నేను అడిగాను, ‘పిన్నిని కూడా అమ్మా అని పిలవనా’ అని. నాలుగు రోజులకే ఆకులన్నీ రాలిపోయాయి... వద్దందన్నమాట! నీతో మాట్లాడకపోతే మళ్ళీ చిగురిస్తుందేమోనని... నాకు జడ వేసుకోవడం కూడా రాదు పిన్నీ!”

ఆమె పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఏ పిలుపు కోసం ఈర్ష్యతో రగిలిపోయిందో, ఆ పిలుపు నోటిదాకా వచ్చి ఆగిపోయిందా! ఆపింది తనేనా! నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఈ పసిది బతికినన్నాళ్ళూ, కన్నతల్లి తన మీద అలిగి ఎండిపోయిందనే అనుకుంటుంది... నిజం చెబితే? ఇక ఈ జన్మలో తన ముఖం చూడదు!

ఆమె పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. చెట్టు మొదట్లో రాలిన ఆకులు పక్కకి నెట్టి, కింద తెల్లగా పేరుకున్న పొర చూపించింది.

“మీ అమ్మ వద్దనలేదు తల్లీ... ఇది సోడా. పోసింది నేనే. నువ్వు దీన్ని అమ్మా అంటుంటే ఓర్వలేక... నేనే పోశాను!”

పిచ్చుక వంగి ఆ తెల్లటి మట్టిని వేలితో తాకింది.

“అయితే అమ్మకి నా మీద కోపం లేదా?”

“లేదు నాన్నా... లేనే లేదు!”

అప్పుడు మారింది పిల్ల ముఖం! రెండు పిడికిళ్ళూ బిగించి ఆమె భుజాల మీద, గుండెల మీద ఎక్కడ పడితే అక్కడ గుద్దేసింది. “ఎందుకు పోశావమ్మా! ఎందుకు పోశావు! నేనేం చేశానమ్మా నీకు!”

ఆమె తప్పుకోలేదు. కళ్ళు తుడుచుకోలేదు. ఆ పిలుపు విన్నానని సంతోషించే ముఖం కూడా తనకి లేదనిపించింది. పిల్ల చేతులు అలిసిపోయి ఆగాక లేచి, పార తెచ్చి, మొదట్లో పాడైన మట్టినంతా తవ్వి తీయడం మొదలుపెట్టింది. చెట్టు బతుకుతుందో లేదో దేవుడికే తెలియాలి. పిచ్చుక వెక్కుతూ కాసేపు చూసింది. తర్వాత వెళ్ళి మంచినీళ్ళ బకెట్టు ఈడ్చుకొచ్చి పక్కన పెట్టింది.

“అంత గట్టిగా వద్దు, వేళ్ళు తెగుతాయి” అంది ఇంకా కోపంగానే. “మెల్లగా తవ్వమ్మా.”