జెట్టీ మేకున మిగిలిన బిళ్ళ

ఆ జెట్టీ చివర, ఆఖరి లైటు కంబం దగ్గర, చీకటి పడ్డాక నిలబడకూడదంటారు.

ఎవరంటారా? అండమాన్‌లో ఆ చిన్న దీవికి పోయొచ్చిన కేజీఎఫ్ జనం, కోలారు బంగారు గనుల జనమంతా అంటారు. నీళ్ళలో పోయినవాడు నీళ్ళలోంచి రాడట. నేల మీదనుంచి, మన వీపు వెనకనుంచి వస్తాడట. ఉబ్బిన ఒళ్ళు... మెడ ఉండదు... పేరు పెట్టి పిలుస్తాడు. తిరిగి చూశామా — అంతే!

క్లారాకి ఈ సంగతి చెప్పింది సెల్విన్. చర్చివాళ్ళని పోగేసి టూర్లకి తీసుకుపోయే మనిషి. ఏ పడవ ఎప్పుడు బయల్దేరుతుందో అడిగితే నీళ్ళు నమిలేవాడు గానీ, దెయ్యం ఏ కంబం దగ్గర నిలబడుతుందో మాత్రం టేపు పెట్టి కొలిచినట్టు చెప్పాడు.

"దెయ్యం సంగతి సరేనప్పా," అంది క్లారా. "మధ్యాహ్నం దాటితే అలలు లేస్తాయి, స్పీడు బోట్లు ఎక్కొద్దని బోర్డు పెట్టుండారే, అది చూసినావా?"

"మూడు భాషల్లో పెట్టుండారు ఆంటీ. ఎవురు చదువుతారు?"

క్లారా చదువుతుంది. బోండాలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి మరీ చదివే మనిషి. ఆమె మొగుడు నెల్సన్ మాత్రం బోర్డుకి వీపు ఆనించి నిలబడి ఫోటో తీయించుకున్నాడు. గని మూతపడ్డాక ఏళ్ళ తరబడి రైలెక్కి బెంగళూరులో సెక్యూరిటీ గార్డు పని చేసినవాడు. గని మూతపడింది గానీ అతని గొప్పలు మూతపడలేదు.

ఆ గని నుంచి ఇంటికి తెచ్చుకున్నది ఒకటే — ఇత్తడి బిళ్ళ.

గనిలోకి దిగేవాడు నంబరు కొట్టిన తన బిళ్ళని పైన మేకుకి తగిలించి దిగాలి. పైకొచ్చాక తీసుకోవాలి. మేకున బిళ్ళ మిగిలిందంటే, మనిషి లోపలే మిగిలాడని. క్లారా నాయన బిళ్ళ అట్లాగే మిగిలింది. అమ్మ కొంగు పట్టుకుని నిలబడి దాన్ని చూసింది క్లారా. అందుకే నెల్సన్ ఇప్పటికీ ఇల్లు దాటితే బిళ్ళని తలుపు పక్క మేకుకి తగిలిస్తాడు, వచ్చాక తీస్తాడు. పెళ్ళాం మాట విని అతను చేసే బుద్ధిగల పని అదొక్కటే.

ముందురోజు ఈ దీవికి వస్తూ ఫెర్రీలో వాంతులై నీరసించిన క్లారా, ఆ పొద్దున పక్క దీవికి రానంది. నెల్సన్‌ని సాగనంపడానికి మాత్రం జెట్టీ దాకా వచ్చింది. ఇద్దరూ కలిసే ఇల్లు దాటారని బిళ్ళని జేబులో వేసుకొచ్చిన నెల్సన్, ఆఖరి కంబానికి ఒక మేకు ఉంటే దానికే తగిలించాడు.

"చూడు. సాయంత్రం పెద్ద ఫెర్రీలో వచ్చి తీసుకుంటా. భయపడొద్దు."

"జాకెట్ ఏసుకుని బకిల్ పెట్టుకో."

"పాతాళంలోకి దిగొచ్చినోణ్ణి... నాకెందుకే ఆ దూది చొక్కా?"

"పాతాళంలో ఈత కొట్టినావా ఏమన్నా?"

నెల్సన్ నవ్వి పడవెక్కేశాడు.

ఆ దీవుల్లో పొద్దు మనకన్నా ముందే కుంగిపోతుంది. వాళ్ళ ఊరు రాబర్ట్‌సన్‌పేటలో జనం ఇంకా సాయంత్రం టీ తాగే వేళకి అక్కడ కటిక చీకటి. ఆ ముక్క క్లారా ఏ కాగితంలోనూ చదవలేదు. బస చేసిన గది కిటికీలో చీకటి చూసి రాత్రయిపోయిందనుకుంది. గొడుగు పట్టుకుని జెట్టీకి పరుగెత్తింది.

పెద్ద ఫెర్రీ అప్పుడే వచ్చింది. జనం దిగారు. సెల్విన్ దిగాడు. నెల్సన్ దిగలేదు.

"ఆయన యాడ?"

సెల్విన్ వెనక్కి తిరిగి సముద్రం వైపు చూశాడు. "ఫెర్రీ నిదానమని అంకుల్ స్పీడు బోటెక్కినాడు ఆంటీ... మాకన్నా ముందే బయల్దేరినాడే... ఇంగా రాలేదా?"

అంటూనే జెట్టీ ఆఫీసు వైపు పరుగు తీశాడు. జనం చెదిరిపోయారు. క్లారా ఒక్కతే మిగిలింది. ఆమే, బిళ్ళా.

గాలికి బిళ్ళ ఇనుప కంబానికి తగులుతోంది. టింగ్... టింగ్... అమ్మ కొంగు పట్టుకున్న రోజు మళ్ళీ వచ్చి ముందు నిలబడినట్టయింది. చెయ్యి చాచింది. తియ్యడానికి మనసు రాలేదు. తీసేస్తే ఇంక అతను దేనికోసం వస్తాడు?

వెనక అడుగుల చప్పుడు.

తప్... తప్... నీళ్ళు కారుతున్న అడుగులు. నేల వైపునుంచి.

"క్లా...రా..."

తిరిగి చూడకూడదు. సెల్విన్ చెప్పాడు కదా. గొడుగు గట్టిగా పట్టుకుంది. కానీ... చచ్చినా వాడు తన మొగుడే కదా!

తిరిగింది.

ఉబ్బిపోయిన రొమ్ము. మెడ లేదు. భుజాల మీదే తల. తెల్లగా పూత పూసినట్టున్న మొహం. రెండు చేతులూ ఎడంగా పెట్టుకుని, ఊగుతూ, ఆమె మీదికే వస్తోంది...

క్లారాకి భయం వేసిందా అంటే, వేసింది. కానీ ఆమె భయానికి ఆయుస్సు తక్కువ, వెంటనే కోపంగా మారిపోతుంది.

"చచ్చి కూడా లేటుగానే వచ్చినావా!" అని గొడుగెత్తి ఒక్కటిచ్చింది.

"అబ్బా!" అంది దెయ్యం.

దెయ్యాలకి నొప్పి పుడుతుందని ఆమె ఎక్కడా చదవలేదు. ఆగింది. దగ్గరికి వంగి చూసింది. ఉబ్బింది ఒళ్ళు కాదు — లైఫ్ జాకెట్. గడ్డం దాకా బిగించి, తాళ్ళన్నీ ముళ్ళు వేసిన జాకెట్. మొహాన ఆరినది ఉప్పు.

"బోటు నిండా జనం," అన్నాడు నెల్సన్ వణుకుతూ. "దీన్ని దిండు మాదిరి కిందేసుకుని కూచున్నా. మొదటి అల వచ్చె... అంతే, తగిలించుకున్నా. జెట్టీకి రాలేక బోటువాడు ఆ పక్క ఇసకలో దింపేసి పోయినాడు. నడిచొచ్చినా. బకిల్ ఊడటం లేదే క్లారా..."

చావలేదని తెలిశాక మొదలైంది అసలు కొట్టుడు. అదే సమయానికి జెట్టీకి వస్తున్న ఒక స్పీడు బోటు, కంబం కింద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి ఉబ్బిన శవాన్ని గొడుగుతో బాదడం చూసి... వచ్చిన దారినే వెనక్కి తిరిగిపోయింది.

చెయ్యి నొప్పి పుట్టాక క్లారా ఆగింది. నెల్సన్ మేకు మీది బిళ్ళ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె గుప్పిట మూసుకుంది. తెల్లవారినా తెరవలేదు.

మరుసటి ఏడు పక్కింటి ప్రిన్సీ, కొత్త పెళ్ళికూతురు, అదే దీవికి పోయొచ్చింది. వాకిట్లో కూర్చున్న నెల్సన్‌తో గొంతు తగ్గించి చెబుతోంది.

"ఆ జెట్టీలో ఇప్పుడు ఇంగో దెయ్యం ఉండాదంట అంకుల్. గొడుగు దెయ్యం! జాకెట్ సరిగ్గా ఏసుకోని మగోళ్ళని కంబం కిందికి ఈడ్చి బాదుతాదంట. బోటువాళ్ళే వణికిపోతా చెప్తారు. అందరి బకిళ్ళూ వాళ్ళే పెట్టి, అలలుంటే బోటే తియ్యటం లేదు."

మూడు భాషల బోర్డు చెయ్యలేనిది ఒక్క దెయ్యం చేసింది.

"రాత్రంతా నిద్ర లేదంకుల్. అది మా ఎనకే ఇంటిదాకా వచ్చేస్తాదేమోనని..."

నెల్సన్ తలుపు వైపు ఒకసారి చూశాడు. ఇంకా గొంతు తగ్గించాడు.

"వచ్చేసినాది తల్లీ... లోపల నీకే కాఫీ పెడతా ఉండాది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.