తెల్ల పంక్తి

విశాలాక్షి గది తలుపు గడియ వేసుకుని, హాల్లోని పెద్ద తెర ఆర్పేసి, బల్ల మీద వెల్లకిలా పడుకుంది. కుడి డొక్క కింద జెల్ రాసుకుని స్కానింగు ప్రోబు ఆనించింది. కాలేయ పరీక్షా కేంద్రం తెరిచేముందు రోజూ జరిగే తంతే ఇది. ఊరి కొలతకి ఆధారమైన మనిషి, అంటే ప్రమాణదేహి, ఆమే. ఆమె కాలేయం బూడిదరంగులో కనిపించేదాకా యంత్రం వెలుగు సరిచేయాలి. ఆ వెలుగుతోనే ఊరందరినీ కొలవాలి.

ఇవాళ కూడా ఆమె కాలేయం ముగ్గు చల్లినట్టు తెల్లగానే వచ్చింది. కొవ్వు పట్టిన కాలేయం అలాగే మెరుస్తుంది మరి. ఆమె అటూ ఇటూ చూసింది. గడియ వేసిన గదిలో చూసేదెవరు గనక! వెలుగు మీట ఇంకో మెట్టు కిందికి దించింది. తెలుపు బూడిదయింది.

"ప్రమాణం స్థిరం," అంది గోడలోంచి కొలతల యంత్రం తుల. తులకి కొలవడమే వచ్చు, అనుమానించడం రాదు.

ఉద్యోగంలో చేరిననాడు ఆమె కాలేయం నిజంగానే లక్షణంగా ఉండేది. అందుకే ప్రమాణదేహిని చేశారు. ఒకసారి ప్రమాణమైతే ఎప్పటికీ ప్రమాణమే, మళ్లీ పరీక్షించే నాథుడు లేడు. ఆ తర్వాత రోజంతా కుర్చీ, పరీక్షలో గట్టెక్కినవాళ్లు సంతోషంకొద్దీ తెచ్చిచ్చే మడత కాజాలు. వద్దంటే నొచ్చుకుంటారని ఒకటి, బాగుందని ఇంకొకటి. దీపం కిందే చీకటి అంటారు, ఊరికే అన్నారా!

తలుపు తీసేసరికి హాలు నిండిపోయింది. బాహాటపు తెర వెలిగింది. ఎవరి కాలేయమైనా అందరూ చూడాల్సిందే. సిగ్గే మొదటి మందని ఆరోగ్య మండలి సిద్ధాంతం. తెల్లబడ్డవాళ్లకి మందులిస్తారు, పథ్యం చెబుతారు, ఏ శుభకార్యంలోనైనా తెల్ల పంక్తిలో కూర్చోబెడతారు. అక్కడ ఆకులో ఉడికిన కూరలు, రాగి సంకటి. తినడానికేం, బాగానే ఉంటాయి. పక్క పంక్తివాళ్ల చూపులే గొంతు దిగవు.

"సన్యాసమ్మ," అని పిలిచింది తుల.

ఎండుచేపలమ్మే సన్యాసమ్మ బక్కపలచటి మనిషి. పోయినేడు బాగుందని తేలాక ఈవిడే కాజాల పొట్లం చేతిలో పెట్టి, "నీ సెయ్యి సల్లనమ్మా" అని దీవించి వెళ్లింది. ఇప్పుడూ అదే నవ్వుతో బల్లెక్కి పడుకుంది.

విశాలాక్షి ప్రోబు ఆనించింది. తెర తెల్లగా భగ్గుమంది.

"శ్రేణి మూడు. తెల్ల పంక్తి," అంది తుల.

"సాటుగా తాగతాదేటో!" హాల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. ముందు బెంచీలో సన్యాసమ్మ మొగుడు అప్పన్న తల దించేసుకున్నాడు.

"సుక్క ముట్టనేదు తల్లీ," సన్యాసమ్మ విశాలాక్షి చెయ్యి పట్టుకుంది. "కూరలో నూనె కూడా సూసి సూసి ఏస్తాను. రెండేళ్లూ బాగుందని నువ్వే సెప్పావు కదా! ఎల్లుండి మనవరాలి బారసాల. నా ఇంట్లో నన్నే ఏరే పంక్తిలో కూకోబెడతారా? నానేటి తప్పు సేసేనమ్మా?"

విశాలాక్షి మళ్లీ తెర వంక చూసింది. దించిన వెలుగులోనే ఇంత తెలుపుంటే అసలు వెలుగులో ఎంతుంటుంది? రెండేళ్ల కిందటే తెలిస్తే నడకతో, పథ్యంతో కరిగిపోయే కొవ్వు. తన బండారం దాచుకోవడానికి దించిన మీట ఈవిడ జబ్బునీ దాచిపెట్టింది. ఇప్పుడైనా అసలు శ్రేణి తెలియకపోతే శ్రేణి మూడు మందులే ఇస్తారు. లోపల కాలేయం రాయిలా గట్టిపడుతున్నా ఎవరూ చూడరు.

చడీచప్పుడు లేకుండా మీట పైకెత్తుదామంటే తుల ఒప్పుకోదు. ప్రమాణం మారాలంటే ప్రమాణదేహే బల్లెక్కాలి. సాయంత్రం అందరూ వెళ్లాక ఎక్కవచ్చు. కానీ ఈలోపు ఈ నింద మోసుకుని సన్యాసమ్మ ఊరి మధ్యనుంచి ఇంటికి నడవాలి. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. ఇన్నాళ్లూ దొరలాగే తిరిగింది తను. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

"ఓసారి లేవమ్మా," అంది.

తానే బల్లెక్కి పడుకుంది. హాల్లో తెర ఆర్పలేదు.

"ప్రమాణదేహిని బాహాటంగా చూపడం నిషిద్ధం," అంది తుల.

"చూపించు," అంటూ విశాలాక్షి మీటని తను చేరిననాటి గుర్తుదాకా పైకి తోసింది.

తెర నిండా తెలుపు. హాల్లో కిసుకిసలు ఆగిపోయాయి.

"ఎవురిదది?" అన్నాడు అప్పన్న.

"నాది బాబూ. వెలుగు దించి దాచుకున్నాను. ఆ దొంగ వెలుగుతోనే మీ అందర్నీ కొలిచాను. ఆవిడ తప్పేమీ లేదు. తప్పు నాది."

"ప్రమాణం లేదు," అంది తుల. "ఈ కేంద్రం ఫలితాలన్నీ రద్దు." కాసేపాగి, "ఎవరితో కొలవాలి?" అంది. తుల ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

ఇందాక కిసుక్కుమన్నవాడు మెల్లగా తన కుడి డొక్క తడుముకున్నాడు.

సన్యాసమ్మ చాలాసేపు తెరవంక చూసింది, తర్వాత విశాలాక్షి వంక చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "రెండేళ్లమ్మా! నిన్ను నమ్మి రెండేళ్లు నిచ్చింతగా నిద్దరోయాను."

చెయ్యెత్తి కొట్టినా బాగుండుననిపించింది విశాలాక్షికి. సన్యాసమ్మ కొట్టలేదు. భుజం మీది తువ్వాలు తీసి ఆమె మీదికి విసిరింది.

"పొట్ట తుడుసుకో. ముందు నన్ను సరిగ్గా సూపించే దారి సూడు. ఎల్లుండి బారసాలకి రా. తెల్ల పంక్తిలో నా పక్కనే ఆకేసుకుని తిందువు గాని. అందరూ సూడాల."

"వస్తానమ్మా," అంది విశాలాక్షి, తలెత్తకుండానే.