తెల్లగుడ్డ వెనక ముఖం

“వాళ్లు చంపాలనుకుంటున్నది ముసలాయన్ని కాదు, ఆయన వేసిన బొమ్మని,” అంది కల్నల్ మోంటాల్వో, చుట్ట కొస కొరికి ఊస్తూ. “బొమ్మ బతకాలి. అదే నీ పని.”

“బొమ్మలో ఏముంది, కల్నల్?” అన్నాడు ఏజెంట్ ఆర్సేనియో కిండెలాన్.

“ఒక ముఖం.”

గార్సా అనేది సముద్రం అవతలి దేశపు గూఢచారులు నడిపే ముఠా. హవానాలో రహస్యాలు తెలిసినవాళ్లకి సముద్రం దాటిస్తామని ఆశ చూపేది. తన మోటారు బోటు వెనక వాళ్ల పడవ కట్టి లాక్కెళ్లేది. పిండుకోవలసింది పిండుకున్నాక, నడిసముద్రంలో తాడు కోసేసేది. అలా పోయినవాళ్లలో రాడార్ ఇంజనీర్ నెరేయిదా ఒకతె. ఆమెతో బయల్దేరిన తండ్రి, చిత్రకారుడు యూసేబియో తమార్గో, ఒక్కడే బతికి ఒడ్డుకొచ్చాడు. తాడు కోసిన మనిషి ముఖాన్ని టార్చి వెలుగులో చూసినవాడూ ఆయనొక్కడే. మోటారు మోతలో గొంతు మాత్రం వినపడలేదు.

అప్పటికే ఆయన కళ్లు మసకబారుతున్నాయి. చూపు పూర్తిగా పోయేలోపు ఆ ముఖాన్ని కాన్వాస్ మీదికి ఎక్కించి, తెల్లగుడ్డ కప్పేశాడు. ఎవరినీ చూడనివ్వలేదు.

“ముందు మాకు చూపించమని అడగలేదా?”

“అడిగాను. మీరు గోడకి పెట్టరు, బీరువాలో పెడతారన్నాడు మహానుభావుడు. మ్యూజియంలో, అందరి ముందూ, గుడ్డకి కట్టిన తాడు తనే లాగుతాడట.” కల్నల్ నవ్వింది. “లోపల మన మనిషి ఇసబెల్ ఉంటుంది. కోడ్ గుర్తుందిగా?”

ఆధునిక క్యూబా చిత్రకళా ప్రదర్శన మొదలయ్యే రోజు మధ్యాహ్నం, ఆర్సేనియో మ్యూజియం కాపలావాడి యూనిఫాంలో కుర్చీ మీద కూర్చున్నాడు. ప్యాంటు చీలమండలకి పైనే ఆగిపోయింది. చొక్కా గుండీలో మైక్, సాక్సులో పిస్టల్. బయట జనం వరస కట్టకుండా చెట్ల నీడన చెదిరి నిలబడి, వంతు గుర్తుకోసం “చివరెవరు? నీ వెనక నేను!” అని అరుచుకుంటున్నారు. హాల్లో గోడల మీద తెడ్లు, చక్రాలు, ముక్కలైన రేడియోలు కళగా మారి వేలాడుతున్నాయి.

ఎర్రచీర లాంటి పొడవాటి గౌనులో ఇసబెల్ వచ్చింది. బార్సిలోనా నుంచి వచ్చిన కళా నిపుణురాలు. గార్సాలో పనిచేస్తూ మోంటాల్వోకి వార్తలు చేరవేస్తుంది. హాల్లోకి అడుగుపెడితే పటాలు చూడాల్సిన కళ్లన్నీ ఆమెనే చూస్తాయి. ఆర్సేనియో కళ్లూ అందుకు మినహాయింపు కాదు.

“సముద్రం ఎలా ఉంది?” అంది.

“ఉప్పగానే ఉంది,” అన్నాడు.

“హంతకుడు వెయిటర్ వేషంలో వస్తాడు. ముందు తలుపు దగ్గర. నీ వాళ్లందర్నీ అక్కడికి పంపు.”

పంపేశాడు. హాల్లో ముగ్గురే మిగిలారు. తమార్గో తెల్లగుడ్డ పక్కన కుర్చీలో, తాడు కొసని గుప్పిట్లో బిగించి కూర్చున్నాడు.

“మాస్టారూ, తలుపులు తీసేలోపు మీ గౌరవార్థం ఒక చుక్క,” అంటూ ఇసబెల్ సంచిలోంచి రమ్ సీసా తీసి మూత తిప్పింది. తిప్పిన చెయ్యి తనంతట తానే వంగి, తొలిచుక్క నేలమీద పోసింది.

నేలమీద చుక్క పడ్డ చప్పుడుకి ముసలాయన ముఖం విప్పారింది. “అరె! ముందు చచ్చిపోయినవాళ్లకి పోశావే! స్పెయిన్ పిల్లవి, నీకెవరు నేర్పారమ్మా?”

ఎవరూ నేర్పరు. హవానాలో పుట్టిన ఏ చెయ్యైనా కొత్త సీసా తీస్తే ముందు ఇంటి మృతులకి పోస్తుంది, బుర్రని అడగకుండానే. ఆర్సేనియో నేలకేసి చూశాడు. పాలరాయి సుయ్‌మని నురగలు కక్కుతోంది.

పిస్టల్ ఆమె నడుముకి ఆనింది. “యాసిడ్ తాగి చచ్చినవాళ్లెవరే మీ ఇంట్లో?” అని చెవిలో అడిగాడు. సీసా లాక్కుని, తెల్లగుడ్డ అంచు ఎత్తి చూశాడు.

నల్లటి నీళ్లు. టార్చి వెలుగు. తాడు మీద కత్తి పెట్టి నవ్వుతున్న ఇసబెల్.

ఆర్సేనియో గుండీతో ఒక్క మాట చెప్పాడు. కల్నల్ పక్కతలుపులోంచి వచ్చి, బొమ్మనీ మనిషినీ మార్చి మార్చి చూసింది.

“బాగా గీశాడు,” అంది.

ముగ్గురూ స్తంభం వెనక్కి జరిగారు. ఇసబెల్ ముఖంలో భయం లేదు. అసలు హవానా యాసలోకి దిగిపోయింది.

“ఆ బొమ్మ గోడెక్కితే నేను పట్టుబడ్డానని గార్సాకి సాయంత్రానికల్లా తెలుస్తుంది. అందరూ గాలికెగిరిపోతారు. ఎక్కకపోతే నేను మామూలుగా వెనక్కెళ్తా. పేర్లు, బోట్లు, డబ్బిచ్చే దొరలు, అన్నీ మీకిస్తా. ఈసారి నిజంగా.”

“ఇవ్వకపోతే?”

“నా తల్లి ఇక్కడే ఉంది, కల్నల్. రేగ్లాలో, మీ చేతికందే దూరంలో.”

“అది ముందే చెప్పాల్సింది,” అంది కల్నల్ ప్రేమగా. ఆర్సేనియో చేతిలో సీసాకేసి గడ్డం ఊపింది. “కానియ్.”

“ఏంటి కానిచ్చేది?”

“ముఖం వరకు చాలు. సముద్రం ఉండనీ.”

“ఆయన కూతురు పోయింది, కల్నల్! ఆ ముసలాయన ఈ ఒక్కదానికోసమే బతికున్నాడు!”

“బొమ్మ ఉంటే కూతురు లేచొస్తుందా? ముఠా మొత్తం చేతికొస్తుంది. నువ్వు చెయ్యవా, లేక ఆమెతోనే చేయించనా?”

ఆర్సేనియోకి ఆమె చేత చేయించడం మరీ నీచమనిపించి తనే చేశాడు. గుడ్డని వెనక్కి మడిచి, నవ్వుతున్న నోటి మీద పోశాడు. రంగు బొబ్బలెక్కి, జారి, బొమ్మలోని నీళ్ల మీద పడింది. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి.

“ఏంటా వాసన?” అన్నాడు తమార్గో.

“వార్నిష్, మాస్టారూ.”

తలుపులు తెరిచారు. జనం వచ్చారు. వెయిటర్లలో హంతకుడెవడూ లేడు. తమార్గో లేచి, కోటు సర్దుకుని, రెండు చేతులతో తాడు లాగాడు.

జనం బొమ్మ దగ్గరికి జరిగారు. ముసలాయన చెవులు రిక్కించాడు.

“అబ్బ!” అన్నాడు చివరికి ఒక విమర్శకుడు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. “మనిషి ఉండాల్సిన చోట ఆ కాలిన చిల్లు చూశారా? ఎంత తెగింపు!” ఒకరు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. ఇసబెల్ కూడా.

తమార్గో పక్కనున్న ఆర్సేనియో చొక్కా పట్టుకున్నాడు. “అబ్బాయ్, వీళ్లెందుకు చప్పట్లు కొడుతున్నారు? గుర్తుపట్టలేదా?”

“పట్టారు, మాస్టారూ.”

“పోలీసులు?”

“చూసుకుంటున్నారు.”

ఇసబెల్ ముందుకొచ్చి, వంగి, ఆయన చెంప మీద ముద్దుపెట్టింది. ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“నువ్వైనా నిజం చెప్పమ్మా. మసక చూపుతో గీసిన ఆ ముఖం ఈ చేతులకే తెలుసు, కళ్లకి తెలీదు. సరిగ్గా వచ్చిందా?”

“అచ్చం అలాగే వచ్చింది, మాస్టారూ,” అంది ఇసబెల్.

“అయితే మా నెరేయిదాకి న్యాయం జరిగింది,” అని ముసలాయన అందరి ముందూ ఏడ్చాడు. ఆమె తన రుమాలుతో ఆయన కళ్లు తుడిచింది.

ఆరునెలల్లో గార్సా మొత్తం దొరికింది. ఇసబెల్‌కి పతకం రహస్యంగా ఇచ్చారు. ఆర్సేనియోకి ప్రమోషన్ బహిరంగంగానే ఇచ్చారు. బొమ్మని మాత్రం మ్యూజియం శాశ్వత సేకరణలో పెట్టుకుంది. విద్యార్థులకి దాన్ని చూపించి, కళాకారుడు ఆ ముఖాన్ని మన ఊహకే వదిలేశాడని పాఠం చెబుతున్నారు.