జబ్బకు కట్టిన బాలరాజు

ఉదయం 5.40.

కాజీపేట జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వైపు పోయే లైన్లో, ఔటర్ సిగ్నల్ దాటాక, పట్టాల మీద శవం.

రైల్వే పోలీస్ ఇన్‌స్పెక్టర్ యాదగిరి టార్చి వేసి చూశాడు. ముఖం అనేది మిగల్లేదు. ఒకప్పుడు ఇలాంటివి చూస్తే ఆయనకు రెండు రోజులు అన్నం సయించేది కాదు. రెండేళ్ల కిందట పన్నెండేళ్ల కొడుకు కామెర్లతో పోయిన దగ్గర్నుంచి అన్నీ ఒకటే అయిపోయాయి. వేళకు తింటాడు. రిపోర్టు రాస్తాడు. పడుకుంటాడు. ఏడుపు రానందుకు మొదట్లో సిగ్గుపడేవాడు, ఇప్పుడు అదీ లేదు.

"జేబులో ఏముంది?" అడిగాడు.

"ఎనుమాముల యార్డు హమాలీ బిల్ల సార్," అన్నాడు కానిస్టేబుల్ గట్టయ్య. "మీరా సాహెబ్ అని పేరున్నది. కుడి జబ్బకు గుడ్డ కట్టి ఉన్నది. ఇమామ్ జామిన్."

"ప్రయాణం పోతున్నాడన్నమాట."

"ఔ సార్. సాయబుల ఇండ్లల్ల ఊరికి పోయేటోళ్లకు గుడ్డల పైస పెట్టి కడ్తరు. సుఖంగ చేరినంక ఆ పైస బీదోళ్లకు ఇస్తరు."

"చేరలేదు," అన్నాడు యాదగిరి. గుడ్డను విప్పకుండానే కవర్లో వేయించాడు.

దవాఖానకు తల్లి వచ్చింది. పేరు బడేబీ. మిర్చి యార్డులో కాయలు ఏరే మనిషి. ముఖం మీద కప్పిన బట్ట తీయనివ్వలేదు డాక్టరు. చొక్కా చూసింది. జబ్బకు గుడ్డ కట్టిన గుర్తు చూసింది. కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆమెను పొదివి పట్టుకుని కూచుంది పక్కింటి పిల్ల హలీమాబీ.

విషయం చెప్పిందీ ఆ పిల్లే.

"మా ఆయన నయీముద్దీన్, మీరా భాయ్ ఒక్కతాన్నే హమాలీ చేస్తరు సార్. ఇద్దరు ఇరాక్ పోదామని ఏజెంటుకు పాస్‌పోర్టులిచ్చిన్రు. మా ఆయనకు వీసా వచ్చింది. మీరా భాయ్‌ని మెడికల్ పరీక్షల తీసేసిన్రు."

"మరి మీరా సాహెబ్ ప్రయాణం ఎక్కడికి?"

"బొంబాయిల ఇంకో ఏజెంటును అడుగుత అని మీరా భాయ్ గూడ ఎంబడి పోయిండు. నిన్న దీపాలు పెట్టినంక ఇంట్ల నుంచి నడుసుకుంట టేషన్‌కు పోయిన్రు."

"మీ ఆయన ఇప్పుడెక్కడ?"

"బొంబాయికి పోతాండు గావొచ్చు సార్. ఎల్లుండి పొద్దున విమానం. ఈ సంగతి ఎరకలేదు పాపం."

వీసా రాలేదన్న బెంగతో రైలు కింద పడ్డాడు. అందరూ అనుకున్నది అదే. యాదగిరి కూడా అదే రాసుకున్నాడు. సాయంత్రానికి ఖననం అయిపోయింది.

మర్నాడు పది గంటలకు పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది. అంతా తలకిందులైంది. తల వెనుక బలమైన దెబ్బ. ప్రాణం పోయింది దానితో. రైలు వచ్చింది ఆ తర్వాత.

మర్డర్.

గట్టయ్యకు హుషారొచ్చింది. "ఇంకేంది సార్! ఎంబడి పోయిందొక్కడే. నయీముద్దీన్‌ను విమానం ఎక్కకముందే పట్టుకోవాలె."

"ఎందుకు చంపుతాడు? వీసా వచ్చింది వాడికి. మీరా సాహెబ్ దగ్గర లాక్కోడానికి ఏముంది?"

గట్టయ్య చెవి వెనక గోక్కున్నాడు.

యాదగిరి ఇమామ్ జామిన్ కవర్ తెరిచాడు. కుట్లు విప్పాడు. టేబుల్ మీద ఒక పైస పడింది.

అది మన పైస కాదు. రాగి రంగు. అంచు పూరేకుల్లా వంపులు తిరిగి ఉంది. దాని మీద ఒక పిల్లవాడి తల.

ఆయన చెయ్యి ఆగిపోయింది. కొడుక్కి ఈ తలల పైసల పిచ్చి ఉండేది. బిస్కట్ డబ్బా నిండా తలలే. ఇంగ్లండు జార్జి, ఇరాన్ షా, జోర్డాన్ రాజు, కెన్యా ప్రెసిడెంటు, మన నెహ్రూ. ఈ ఏలేవాళ్లకు ముఖాల యావ ఒకటి. గద్దె ఎక్కీ ఎక్కగానే పైస మీదా ఎక్కి కూచుంటారు. గద్దె దిగినా, చచ్చినా, ఆ పైసలు మాత్రం జనం జేబుల్లో తిరుగుతూనే ఉంటాయి. ఒక్క నిజాం నయం, తన ముఖం బదులు చార్మినార్ వేయించాడు. డబ్బాలో అందరూ ఉన్నారు గానీ, అందులో పిల్లవాడు మాత్రం ఒక్కడూ లేడు.

యాదగిరి చదివింది నిజాం కాలపు ఉర్దూ మీడియం. అక్షరాలు కూడబలుక్కున్నాడు. మలిక్ ఫైసల్, అంటే ఫైసల్ రాజు. ఇరాక్ దేశపు పైస. రాజు చిన్నపిల్లాడిగా ఉన్నప్పటిది.

ఇరాక్ మొహం చూడని హమాలీ జబ్బకు ఇరాక్ పైస ఎలా వచ్చింది?

బడేబీని పిలిపించాడు. ఏడుస్తూనే వచ్చింది, ఏడుస్తూనే కూచుంది. కొంగు తడిసి ముద్దయింది. యాదగిరి పైసను అరచేతిలో పెట్టి చూపించాడు.

"పెద్దమ్మా, కొడుక్కి నువ్వు కట్టింది ఇదేనా?"

ఆమె వంగి చూసింది. ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. ఏడుపు టక్కున ఆగింది.

"ఔ సారూ. గదే."

"ఎక్కడిది?"

"ఇంట్ల ఉండె. ఎన్నటిదో."

"దీని మీద ఎవరున్నారు?"

"ఎవలో రాజు. నాకేం ఎరుక?"

లేచి వెళ్లిపోయింది. గుమ్మం దాటేదాకా వెనక్కి చూడలేదు. గట్టయ్య జాలిపడ్డాడు. "ఏడ్సి ఏడ్సి కండ్లు ఎండిపోయినై సార్."

ఏడుపు ఎండిపోవడం అంటే ఏమిటో యాదగిరికి బాగా తెలుసు. అది రోజులు పట్టే పని. పైసను చూసినంత సేపట్లో జరిగేది కాదు.

సాయంత్రం నాలుగున్నరకు స్టేషన్లో ముగ్గురిని కూచోబెట్టాడు. బడేబీ, హలీమాబీ, ఏజెంటు ఉప్పలయ్య. ఉప్పలయ్య సఫారీ సూట్లో చెమటలు కక్కుతున్నాడు.

"నాకేం సంబంధం లేదు సార్! నా కాయితాలన్నీ క్లియర్."

"నయీముద్దీన్ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?"

"ఆయన తాన్నే సార్. వీసా కొట్టించి ఇచ్చిన."

"అది పట్టుకుని మీరా సాహెబ్ విమానం ఎక్కగలడా?"

ఉప్పలయ్య నోరు తెరిచాడు. "ఎక్కొచ్చు సార్. ఇద్దరిదీ ఒకటే వయసు, ఒకటే తీరు గడ్డం. అంత చిన్న ఫొటోల ఎవరు పోల్చుకుంటరు? కానీ మీరా సాహెబ్ సచ్చిపోయిండు గద!"

యాదగిరి పైసను టేబుల్ మీద పెట్టాడు.

హలీమాబీ చటుక్కున లేచింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

"సార్! ఆయన వచ్చిండా?"

పైసను చేతిలోకి తీసుకుంది.

"గిది నా పైస సార్. మా అబ్బా మిలిట్రీల డ్రైవర్. లడాయిల ఇరాక్‌ల బస్రాకు పోయినప్పుడు తెచ్చిండు. సముద్రం దాటి ఇంటికొచ్చిన పైస, మనిషిని గూడ ఇంటికి తెస్తదని నేనే కట్టిన. ఏడున్నడు సార్? బయట ఉన్నడా?"

తలుపు వైపు చూసింది. అప్పుడు కలిగింది యాదగిరికి, రెండేళ్ల తర్వాత, ఒక చిన్న నొప్పి. అది కూడా నిలవలేదు.

"కూచో అమ్మా," అన్నాడు. "పట్టాల మీద దొరికిన మనిషి జబ్బకు ఉన్న పైస ఇది."

ఆమె కూచోలేదు.

యాదగిరి తొందరపడకుండా చెప్పాడు. ఇద్దరూ నడుచుకుంటూ స్టేషన్‌కు బయల్దేరారు. దారిలో లైను పక్కన మీరా సాహెబ్ వెనకనుంచి కొట్టాడు. తన చొక్కా నయీముద్దీన్‌కు తొడిగాడు. తన హమాలీ బిల్ల జేబులో పెట్టాడు. పాస్‌పోర్టు తీసుకున్నాడు. శవాన్ని పట్టాల మీద వేసి రైలెక్కాడు. చచ్చింది మీరా సాహెబ్ అని ఊరు నమ్ముతుంది. నయీముద్దీన్ ఇరాక్‌లో ఉన్నాడనుకుంటుంది గనక అతన్ని వెతికేవాళ్లు ఉండరు.

"అన్నీ మార్చిండు, గా గుడ్డ ఎందుకు మార్చలే సార్?" అన్నాడు గట్టయ్య.

"మార్చాలంటే తన జబ్బకు ఉన్నది విప్పాలి. వాడు పోతున్నది సముద్రం దాటి. తల్లి కట్టింది విప్పడానికి భయపడ్డాడు. అన్ని గుడ్డలూ ఒకటేలే, విప్పి చూసేదెవరు అనుకున్నాడు. అవునా పెద్దమ్మా?"

బడేబీ నేల చూస్తోంది.

"పైసను చూడగానే నీ కొడుకు బతికున్నాడని నీకు తెలిసింది. ఏం చేశాడో కూడా తెలిసింది. నీ ఏడుపు ఆగింది అందుకే."

"హలీమా కట్టంగ నేను పక్కన్నే ఉన్న," అంది బడేబీ. "నేను కట్టింది చార్మినార్ రూపాయి."

"ఖాలా," అంది హలీమాబీ. గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారింది. ఏడవలేదు. తన చేతుల గాజులకేసి చూస్తూ కూచుంది.

యాదగిరి గట్టయ్యను కాగితం తీయమన్నాడు. విమానం రేపు పొద్దున. బొంబాయికి వైర్‌లెస్ మెసేజ్ ఇప్పుడే పోవాలి.

"రాయి. ఎయిర్‌పోర్టు పోలీసులకు. మర్డర్ కేసు. ముద్దాయి నయీముద్దీన్ అనే పేరుతో..."

"ఆ పేరు రాయకున్రి సార్."

హలీమాబీ. కింద నుంచే అంది.

"పాస్‌పోర్టులో ఉన్నది ఆ పేరేనమ్మా. అది లేకపోతే పట్టుకోవడం కష్టం."

"కాయితం సూసినోళ్లు ఖూనీ చేసింది మా ఆయనే అనుకుంటరు. పాణం పోయింది ఆయనది. పేరు గూడ పోవాల్నా సార్? ఆయనేం చేసిండు?"

రూల్ ఏమిటో యాదగిరికి తెలుసు. రూల్ చెప్పడానికి నోరు రాలేదు. గట్టయ్య పెన్ను ఎత్తి పట్టుకునే ఉన్నాడు. ఉప్పలయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

బడేబీ లేచి టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సారూ, ఖూనీ చేసినోని పేరు మీరా సాహెబ్ అని రాయున్రి. బడేబీ కొడుకు అని రాయున్రి. నయీముద్దీన్ కాయితం దొంగతనం చేసిండని రాయున్రి."

"పెద్దమ్మా, వాడు నేను నయీముద్దీన్‌నే అంటాడు. కాదనడానికి వాళ్ల దగ్గర గుర్తు ఏముంటుంది?"

ఆమె హలీమాబీ వైపు చూడలేదు. గట్టయ్య చేతిలోని కాగితాన్నే చూస్తూ నిలబడింది. బయట ఏదో గూడ్సు బండి పోతోంది. అది పూర్తిగా పోయేదాకా ఆగింది.

"చెవి ఎనుక కాలిన మచ్చ ఉంటది. చిన్నప్పుడు నేను రొట్టెలు చేస్తాంటే పాక్కుంట వచ్చి పెనం మీద పడ్డడు. ఎంటికెలు కప్పుకుంటై, ఎవ్వలకు కనపడది. ఎంటికెలు పక్కకనుకొని సూడుమనున్రి."

గట్టయ్య రాస్తూ తలెత్తాడు. "ఏ చెవి అమ్మా?"

"ఎడమ చెవి," అంది బడేబీ, తన చెవి వెనక వేలు పెట్టి చూపిస్తూ.