కడిగి బోర్లించిన డబ్బాలు

ఆ చెరువు పాత రేవుకి మంచి పేరు లేదు. చేపపిల్లల్ని వదలడానికి రాత్రిపూట అక్కడికి వెళ్లినవాళ్లు డబ్బాలు మెట్ల మీదే పడేసి పరుగో పరుగు. చీకట్లోంచి ఎవరో "ఆగు... ఆగు..." అంటారట. తెల్లారి వెళ్లి చూస్తే డబ్బాలు ఖాళీగా, శుభ్రంగా కడిగి బోర్లించి ఉంటాయి!

దెయ్యం డబ్బాలు కడగడమేమిటని నేను పడీ పడీ నవ్వేవాణ్ణి. మావయ్య మాత్రం నవ్వేవాడు కాదు. చేపపిల్లల ఉత్పత్తి కేంద్రంలో ఆఫీసరు ఆయన. ఆ గొంతు ఎవరిదో ఆయనకి తెలుసు.

కేంద్రంలో ఒక ముసలి పనివాడుండేవాడు. అందరూ 'ఆగు తాత' అనేవారు. లారీలో వచ్చిన డబ్బాల్లో నీళ్లు వెచ్చగా ఉంటాయి, చెరువు చల్లగా ఉంటుంది. అందుకని దోసిలి దోసిలిగా చెరువు నీళ్లు డబ్బాలో కలిపి, రెంటి వేడీ ఒకటయ్యాకే పిల్లల్ని వదలాలి. ఎవరెంత తొందరపెట్టినా తాతది ఒకటే మాట — ఆగు.

ఒకసారి ఆ పాత రేవులో, వాన ముంచుకొస్తోందని మావయ్య ఆ మాట వినిపించుకోలేదు. డబ్బాలన్నీ తనే గబగబా కుమ్మరించేశాడు. చూస్తుండగానే నీళ్ల మీద తెల్లటి పొట్టలు తేలాయి... సర్కారు రిజిస్టరులో మాత్రం 'పనివాడి అజాగ్రత్త' అని రాశాడు. తాత ఉద్యోగం ఊడింది. కొన్నాళ్లకి మనిషి కూడా పోయాడని చెప్పుకున్నారు.

ఆ తర్వాత మావయ్య ఆ రేవు తొక్కలేదు. ఎప్పుడూ ఇంకొకర్ని పంపేవాడు. ఒక రాత్రి అందరూ రామంటే రామన్నారు. లారీ నిండా పిల్లలు — ఇక తప్పలేదు. డ్రైవరు డబ్బాలు గట్టున దించి, "లారీకి నేను కాపలా ఉంటాలెండి సార్" అంటూ లోపలికెక్కి అద్దాలు ఎత్తేసుకున్నాడు.

మావయ్య ఒక డబ్బా మోసుకుంటూ మెట్లు దిగాడు. మూత తీశాడు.

"ఆగు..."

మావయ్య మూత పట్టుకుని ఉన్నచోటే ఉండిపోయాడు. చీకట్లోంచి రెండు చేతులు ముందుకొచ్చాయి — దోసిలితో నీళ్లు తెచ్చి డబ్బాలో పోశాయి. ఇంకో దోసిలి... మావయ్య టార్చి వేశాడు.

తాతే. బతికే ఉన్నాడు! కళ్లు పొరలు కమ్మి తెల్లబడ్డాయి. మొహం మీద వెలుగు పడినా రెప్ప వెయ్యలేదు.

"భయపడకు బాబూ," అన్నాడు గుసగుసగా. "లారీ చప్పుడు వినిపిస్తే వస్తాను. నోరు తెరిస్తే చాలు, అందరూ పారిపోతారు. నువ్వొక్కడివే ఆగావు."

మావయ్య గొంతు మార్చుకుని అడిగాడు. "ఎందుకొస్తావు... తాతా?"

"ఒకసారి నా చేతుల్లో పిల్లలన్నీ చచ్చిపోయాయి. నేను ఆగమని అరిచినట్టే గుర్తు... కానీ సర్కారు కాగితంలో తప్పు నాదేనని ఉందట. చదువుకున్న సారు అబద్ధం రాస్తాడా? నాకే మతి తప్పి ఉంటుంది." మళ్లీ దోసిలి ముంచాడు. "అందుకే వస్తాను."

మావయ్య నోరు తెరిచాడు...

"ఊఁ, ఇప్పుడు వదులు," అన్నాడు తాత.

"మరి నిజం చెప్పావా మావయ్యా?" అని, ఆయన ఇదంతా నాకు చెప్పిన రోజున అడిగాను.



"అది దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేదిరా," అన్నాడు.