నీలి కొండల కలందాన్

తలుపు తీసిన అమ్మాయి ఉపేందర్ ముఖం చూడలేదు. అతని భుజానికి వేలాడుతున్న సంచిని చూసింది.

"పాతబట్టలు లెవ్వు. మొన్ననే ఒకాయనకు ఏసినం," అంటూ తలుపు మూయబోయింది.

ఉపేందర్ గాబరాపడ్డాడు. తాను పాతసామాన్ల వాడిని కాదని, హైదరాబాద్‌లో బి.ఎ. చదువుతున్నానని, ఉద్యమంతో కాలేజీలు మూతపడితే జనగామ వచ్చి నాయిన కిరాణా దుకాణంలో కూర్చుంటున్నానని గడప బయట నిలబడే చెప్పుకున్నాడు. అది అరవై తొమ్మిది వానాకాలం. వాళ్ల తాత దగ్గర చైనా కలందాన్ ఉందని విన్నాడట. ఒక్కసారి చూసి పోతాడట.

"కలాలు పెట్టుకునే గిన్నెను చూసెతందుకు జనగామకెల్లి ఘన్‌పూర్ దాక వచ్చినవా?"

"అవును."

ఆమె అప్పుడు అతని ముఖం చూసింది. జుట్టులోంచి వాన నీళ్లు కారుతున్నాయి. నవ్వు ఆపుకుంటూ పక్కకు జరిగింది.

ఆమె పేరు మనోరమ. హనుమకొండలో బి.ఎస్సీ. చదువుతూ, ఆమె కూడా కాలేజీ లేక ఇంటికి వచ్చి ఉంది. తాత బ్రహ్మానందం ఒకప్పుడు ఓ నవాబు దగ్గర మున్షీ. ఉర్దూ, ఫార్సీ ముత్యాల్లా రాసేవాడు. చూపు మందగించాక కలం పక్కన పెట్టేశాడు. నవాబు బహుమతిగా ఇచ్చిన కలందాన్ మాత్రం కిటికీ దగ్గరి బల్లమీద అట్లాగే ఉంది.

తాత దాన్ని ఉపేందర్ చేతుల్లో పెట్టాడు.

తెల్లటి పింగాణీ. చుట్టూ నీలిరంగు కొండలు, కొండల మధ్య పొగమంచు, కింద ఏరు. ఏటిలో గోరంత పడవ, అందులో ఒంటరిగా ఒక ముసలాయన. ఉపేందర్ దాన్ని వెలుతురుకు పట్టుకున్నాడు. పలుచటి అంచులోంచి అవతలున్న తన వేళ్ల నీడ కనబడింది. ఎక్కడి చైనా, ఎక్కడి స్టేషన్ ఘన్‌పూర్. ఎన్ని తరాల కిందటో పేరు తెలియని ఒక మనిషి కుంచె అంచుతో ఆ పడవను గీశాడు. ఎన్ని ఓడలు, ఎన్ని బండ్లు మారి వచ్చిందో, ఆ పడవ ఇంకా మునగలేదు. అతను దాన్ని కిందికి దించలేదు.

"ఊపిరి తీస్కుంటున్నవా లేదా?" అని మనోరమ మెల్లగా అడిగింది.

తర్వాత ఉపేందర్ ఏదో ఒక సాకుతో ఘన్‌పూర్ వస్తూనే ఉన్నాడు. బస్సు దొరక్కపోతే లారీ ఎక్కి వచ్చాడు. మనోరమ ఏడిపించేది, తాత చాయ్ తాగించేవాడు. రెండు ఇళ్లకూ దూరపు చుట్టరికం ఉందని కూడా తాతే తవ్వి తీశాడు.

ఒకరోజు ఉపేందర్ తన నిధిని తెచ్చాడు. హైదరాబాద్ పాతసామాన్ల బజారులో దొరికిన చిన్న పింగాణీ పండు. చైనాలో పండితులు సిరాలో నీళ్లు కలపడానికి రాతబల్ల మీద పెట్టుకునేది. పైన ఒక రంధ్రం, ముక్కులాంటి కొస దగ్గర ఇంకొకటి. పై రంధ్రం మీద వేలు పెడితే నీళ్లు ఆగుతాయి, వేలు ఎత్తితే చుక్క రాలుతుంది.

తాత ఎండిపోయిన సిరాబుడ్డిని తెప్పించాడు. మనోరమ పండులో నీళ్లు నింపి, బుడ్డి మీద పట్టుకుని వేలు ఎత్తింది. ఒక చుక్క. మళ్లీ ఒకటి. సిరా మేలుకుంది. తాత తడుముకుంటూ కలం ముంచి, కాగితం మీద ఒక్క అక్షరం రాశాడు. ఉర్దూ 'మీమ్'. మనవరాలి పేరులో మొదటి అక్షరం. రాసేటప్పుడు చేయి వణకలేదు. సిరా ఆరేదాకా మనోరమ ఆ కాగితాన్ని ఊదింది.

కాలేజీలు తెరిచారన్న కబురు వచ్చింది. వెళ్లే ముందు ఉపేందర్ ఆ పండును కలందాన్ పక్కన పెట్టి, "ఇది ఈడనే ఉండాలె," అన్నాడు.

మనోరమ ముఖం వాడిపోయింది. కలందాన్ తీసి అతని చేతుల్లో పెట్టింది.

"తీస్కపో. ఇన్నొద్దులు తిరిగింది దీనికోసమే కద. తాతకు నేను చెప్పుకుంట."

ఉపేందర్ చేతుల్లో నీలి కొండలున్నాయి. అతను వాటిని చూడటం లేదు. చెమ్మగిల్లిన ఆమె కళ్లను చూస్తున్నాడు. చివరికి కలందాన్‌ను జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

"మొదటి దినం దీనికోసమే వచ్చిన. తర్వాత దీన్ని చూస్తున్నట్టు కూసోని నిన్ను చూసిన."

"మరి గా పండెందుకు పెట్టినవ్? దీనికి బదులు కాదా?"

"నా దగ్గర అంతకన్న మంచిది ఇంకోటి లేదు. నీకియ్యాలనిపించింది."

మనోరమ తల దించుకుంది. లోపలి గదిలోంచి తాత దగ్గు వినిపించింది. ఆయనకు చూపు తగ్గిందే కానీ వినికిడి కాదు.

"పిల్లా, జనగామ బస్సు ఎప్పుడున్నదో అడుగు. వాళ్ల నాయినతోని జర మాట్లాడాలె."

ఏండ్లుగా ఊరు దాటని తాత ఆ రోజే ఉపేందర్ చేయి పట్టుకుని బస్సెక్కాడు. చీకటి పడకముందే మాట కలిసింది. ఇద్దరి చదువులూ అయ్యాక పెళ్లి.

హైదరాబాద్ రైలెక్కే ముందు ఉపేందర్ మళ్లీ ఘన్‌పూర్ వచ్చాడు. మనోరమ వాకిట్లోనే ఆపింది.

"పట్నంల ఇంక గిసొంటియి ఉన్నయా?"

"మ్యూజియంల మస్తున్నయి. నేను చూడనియి ఎన్నో."

"అయితే ఇప్పుడే చూడకు. నేనొచ్చినంక ఇద్దరం చూద్దాం."

"ఆగుత," అన్నాడు ఉపేందర్.