చెక్క పిట్టల దిబ్బ

"అది రెప్ప వెయ్యదండీ. పొద్దుట్నుంచీ చూస్తున్నారు, అనుమానం రాలేదా?"

చైనాలో మిన్ నది సముద్రంలో కలిసే చోట, బురదలో బోర్లా పడుకుని ఫోటోలు తీస్తున్న షూయిన్ తల తిప్పింది. వెనక రంగు డబ్బాతో ఒకతను.

"అంటే?"

"చెక్క పిట్ట. నేనే చేశాను."

ఆమె ముఖం ఎర్రబడింది. "నన్నే మోసం చేశారే!"

"పిట్టల్ని మోసం చేద్దామనుకున్నా. అవి మీకంటే తెలివైనవి, ఒక్కటీ రాలేదు," అన్నాడు వెంగ్ హావ్.

నవ్వుతూనే అన్నాడు కానీ, కళ్ళలో దిగులు దాగలేదు. అతను బొమ్మలు చేసిన ఆ జాతి టెర్న్‌లు, చేపలు పట్టి బతికే సముద్రపు పిట్టలు, లోకంలో కొద్దిగానే మిగిలాయి. తోటివి కనబడితే తప్ప గూడు పెట్టవు. అందుకే వాటిని రప్పించడానికి అటవీశాఖ వాళ్ళు ఇసుకదిబ్బ మీద అతని బొమ్మల్ని నిలబెట్టారు. ఈ ఏడాదీ పిట్టలు రాకపోతే ఆ ప్రయత్నం మానేస్తారు.

అప్పట్నుంచి షూయిన్ ప్రతి ఆదివారం ఫుజౌ నగరం నుంచి బస్సులో వచ్చేది. ఇద్దరూ రెల్లు తడిక వెనక కూర్చుని, చేప ఉండల సూప్ తాగుతూ ఎదురుచూసేవారు.

మే నెల వానలో ఒకే ఒక్క టెర్న్ వచ్చింది. ముక్కున చేప కరుచుకుని చెక్క పిట్ట ముందు వాలింది. తల వంచి, జత కట్టమన్నట్టు అందించింది. బొమ్మ పుచ్చుకోలేదు. చేప జారిపడితే తీసి మళ్ళీ అందించింది. సాయంత్రం దాకా అదే పని.

హావ్ చటుక్కున లేచాడు. "ఆ బొమ్మ పీకేస్తాను. పాపమండీ ఇది."

"కూర్చోండి! ఈ పిట్ట ఇక్కడుంటేనే ఇంకోటి వస్తుంది."

"రాకపోతే? పలకని దాని ముందు నిలబడ్డం ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

"మీకు తెలుసా?"

హావ్ మళ్ళీ కూలబడ్డాడు.

"ప్రతి ఆదివారం మీ కోసం బస్‌స్టాపులో నిలబడతాను," అన్నాడు. "దిగగానే పిట్ట వచ్చిందా అంటారు. ఇంకేం అడగరు."

"మీరు చెప్పాలి కదా! నేను బొమ్మనా, పలక్కపోడానికి?" అంది షూయిన్.

అతను బొమ్మ జోలికి వెళ్ళలేదు. ఆమె వెంటనే బస్సెక్కి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం స్టాపులో అతను లేడు. షూయిన్ బురదలో పడుతూ లేస్తూ తడిక దాకా వెళ్ళింది.

తడిక వెనక కూర్చున్న హావ్ వేలు చూపించాడు. దిబ్బ మీద రెండు టెర్న్‌లు. ఒకటి అందించిన చేపను రెండోది తీసుకుని మింగింది.

"నేను లేస్తే బెదురుతాయని... అందుకే స్టాపుకి రాలేదు," అన్నాడు. అతని చెంపలు తడిశాయి.

షూయిన్ ఫోటోలు తీసి, కెమెరా పక్కన పెట్టింది. "ఇవి గూడు పెట్టి, పిల్ల ఎగిరేదాకా ఇక్కడే ఉంటాను. గది దొరుకుతుందా?"

"మా పిన్ని ఇంట్లో గది ఉంది. కానీ ఎవరీ అమ్మాయి అంటుంది."

"ఏం చెప్తారు?"

"పెళ్ళి చేసుకుందామనుకుంటున్నానని."

"గట్టిగా అనకండి, పిట్టలు లేస్తాయి," అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది.